ఆలుమగల తగవులో మూడో మనిషి

ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోని భార్యాభర్తల కథ తెలుగు నాటక సమాజాలకు ఇవాళ్టికీ ఇష్టమైన వస్తువు. కారణాలు తెలిసినవే. ఒక హాలు సెట్టు చాలు, నలుగురు నటులు చాలు, పోటీ నాటిక నిడివిలో కథ మొదలై ముగుస్తుంది, ప్రేక్షకులకు ముందుగా ఏదీ వివరించనక్కర్లేదు. ఈ తరహా హాస్యనాటకాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి నాటకాలు చదువుకున్నవాళ్లు మనకు తెచ్చిపెట్టారన్న అభిప్రాయం చాలామందిలో స్థిరపడిపోయింది. సోఫా, టీపాయి, టెలిఫోను ఉన్న ఆ గదిని చూస్తే అలా అనిపించడం సహజం. కాని గది కొత్తదే తప్ప తగవు కొత్తది కాదు. కాపురం చేస్తున్న జంట పోట్లాటను జనం ముందు పెట్టి నవ్వించడం మన ప్రదర్శన కళల్లో కొన్ని వందల ఏళ్ల నాటిది. ఆ పాత పద్ధతికి ఒక నియమం ఉంది. తగవు ఎప్పుడూ ఇద్దరి మధ్యే ముగిసిపోదు. మూడో మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ మనిషి ముందు ఆడమనిషి తన వాదమంతా వినిపిస్తుంది, చుట్టూ కూర్చున్న ఊరు వింటుంది. నేను చెప్పదలుచుకున్నది ఇది: మన దంపతుల తగవు నాటకం తన రూపాన్ని పడకటింటి నుంచి కాక పంచాయితీ అరుగు మీద నుంచి తెచ్చుకుంది. నవ్వు ఆ మూడో మనిషి నోట పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మనిషిని గదిలోంచి బయటికి పంపేశాక, హాస్యం భార్య మీదికి తిరిగింది.

ఆటను ఫిర్యాదుగా వాడుకోవడం మన భాగవతులకు ఎంత పాత అలవాటో చెప్పడానికి మాచుపల్లి కైఫీయతు ఒక్కటి చాలు. మెకంజీ సేకరించిన గ్రామచరిత్రల్లో ఒకటైన ఈ కైఫీయతు, విజయనగరాన్ని వీరనరసింహరాయలు ఏలుతున్న రోజుల్లో జరిగినదంటూ ఒక సంగతి చెబుతుంది. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలే సమ్మెట గురవరాజు డబ్బు రాబట్టడానికి ఆడవాళ్లను చిత్రహింసలు పెడుతున్నాడు. ఆ దారిన వెళ్లిన కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, రాయల సముఖంలో ఆ హింసనే వేషాలు కట్టి ఆడి చూపించారు. రాయలు విషయం గ్రహించి సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. ప్రతి వివరమూ యథాతథంగా జరిగిందా అన్న ప్రశ్న ఇక్కడ అంత ముఖ్యం కాదు. ఆ కథను రాసిపెట్టుకున్నవాళ్లు భాగవతుల ఆటను ఏమని భావించారన్నది ముఖ్యం. నోరెత్తలేని స్త్రీల మొరను అధికారం ఉన్నవాడి చెవిన వేసే సాధనంగా వాళ్లు దాన్ని చూశారు. ఆ ఆటలో వేషం కట్టడమంటే సాక్ష్యం చెప్పడమే. అదే భాగవతుల చేతిలో భార్యాభర్తల తగవు కూడా నాటకమైందని గుర్తు పెట్టుకుంటే, భామాకలాపం మనకు ఇంకో రకంగా కనిపిస్తుంది.

భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి రచనగా సంప్రదాయం చెబుతుంది. ఆయనది పదిహేడో శతాబ్దమని పండితుల్లో ఎక్కువమంది అంచనా. కథ పిడికెడు. అద్దం ముందు ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారన్న మాట మీద సత్యభామకూ కృష్ణుడికీ తగవు వచ్చింది, ఆయన అలిగి వెళ్లిపోయాడు. ఈ పిడికెడు కథను పాతకాలం భాగవతులు రాత్రుళ్ల తరబడి ఆడేవారు. ఆ కాలమంతా దేనికి సరిపోయింది? సత్యభామ తెర మీదుగా జడ వేసి, తనతో పోటీకి రాగలవారెవరని సభకే సవాలు విసిరి ప్రవేశిస్తుంది. తానెవరో, ఎవరి కూతురో, ఎంతటిదో చెప్పుకుంటుంది. తరువాత చెలికత్తె మాధవి ప్రశ్నలు మొదలవుతాయి. నీ మగడెవరు? పేరేమిటి? ఎందుకు పోయాడు? తప్పు నీదా, అతనిదా? భర్త పేరు పలకడం ఆడదానికి తగదన్న ఆచారం ఉన్న సంఘంలో సత్యభామ ఆ పేరు చెప్పలేక సైగలు చేస్తుంది, గుర్తులు చెబుతుంది, సిగ్గుపడుతుంది, చివరికి చెప్పక తప్పదు. జనం పగలబడి నవ్వేది ఇక్కడే. కాని ఈ ఘట్టం నిర్మాణాన్ని చూడండి. ఫిర్యాది తన పేరు, ఇంటిపేరు, ఎదుటి పక్షం పేరు చెప్పాలి, జరిగింది వరసగా చెప్పాలి, అడ్డుప్రశ్నలకు జవాబివ్వాలి. ఆ తరువాత లేఖ, అంటే రాతపూర్వకమైన విన్నపం. ఆ లేఖ తీసుకువెళ్లేందుకు మాధవి అడిగే ప్రతిఫలం, సత్యభామ ముక్కుకున్న నగ. రాయబారానికి రుసుము కూడా ఉందన్నమాట. ఊళ్లో తగవు తీర్చుకోవడానికి పెద్దల దగ్గరికి వెళ్లినవాళ్లకు ఈ మెట్లన్నీ తెలిసినవే.

ఈ మాధవి ఎవరన్నది ఇంకా విలువైన సంగతి. కలాపంలో ఆ పాత్ర సూత్రధారుడిదే. సత్యభామ దగ్గర ఉన్నప్పుడు అతడు చెలికత్తె మాధవి. కృష్ణుడి దగ్గరికి వెళ్లగానే అతడే మాధవుడు, ఆయన స్నేహితుడు. వేషం మారకుండానే ఒకే నటుడు రెండు పక్షాలకూ తనవాడవుతాడు. మధ్యవర్తి అన్నవాడు భార్యకు ఆడదిగా, భర్తకు మగవాడిగా అర్థం కాగలగాలన్న ఊహను ఇంత సూటిగా రంగస్థలం మీద చేసి చూపిన నాటకం ఇంకొకటి నాకు కనిపించదు. తాళాలు పట్టి ఆటంతా నడిపించేవాడూ, ప్రేక్షకులతో నేరుగా మాట్లాడేవాడూ, పాత్రల మాటను విరిచి నవ్వించేవాడూ అతడే. కనుక నవ్వు ఏ ఒక్క పక్షానికీ సొంతం కాదు. సత్యభామ గర్వాన్నీ అతడు వదలడు, కృష్ణుడి మొహమాటాన్నీ వదలడు. కృష్ణుడు ఆటలో చాలా ఆలస్యంగా వస్తాడన్నది మరవకూడదు. అంతవరకు రంగం సత్యభామది, మాట సత్యభామది.

దీనికి అలంకార శాస్త్రం చదివినవారు చెప్పే అభ్యంతరం బలమైనదే. సత్యభామ పుట్టింది పంచాయితీలో కాదు, నాయికాభేదాల పట్టికలో అంటారు వారు. ప్రియుణ్ణి కసిరి పంపి తరువాత పశ్చాత్తాపపడే కలహాంతరితకూ, విరహంలో లేఖలు రాసే విరహోత్కంఠితకూ లక్షణాలు సంస్కృతంలో ఎప్పుడో రాసి ఉన్నాయి. చెలికత్తె రాయబారం కూడా ఆ పట్టికలోదే. నిజమే, సత్యభామ నిలుచునే తీరు, నిట్టూర్చే తీరు ఆ శాస్త్రం నుంచే వచ్చాయి. కాని శాస్త్రంలోని నాయికకు ఊరు అక్కర్లేదు. ఆమె బాధ ఆమెకూ, చెలికత్తెకూ, సహృదయుడైన పాఠకుడికీ చాలు. మాధవి మాటిమాటికీ సభవైపు తిరిగి వాడుకమాటల్లో వచనం చెప్పడం, ఫిర్యాదును నలుగురి ముందూ తిరిగి చెప్పించడం శాస్త్రం నేర్పినవి కావు. అవి వీధిలోంచి వచ్చాయి. శృంగారమే అసలు మూలమైతే, శృంగారం ఊసు లేని చోట ఈ మూడో మనిషి కనిపించకూడదు. కాని అక్కడా కనిపిస్తాడు.

తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యజంట సంగతి తీసుకోండి. రాముడో, పాండవులో తెర మీద ఉండగానే వీళ్లు మధ్యలో దూరి కయ్యానికి దిగుతారు. ఆ కయ్యంలో నాజూకు లేదు, విరహం లేదు. తిండి, తాగుడు, అనుమానం, అప్పు, బూతు ఉన్నాయి. ఆ తగవులోకీ ఆ ఆటలోని మరో హాస్యపు బొమ్మ కేతిగాడు వచ్చి పడతాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు మాట్లాడి మంటను ఎగదోస్తాడు. కురవంజి ఆటల్లో సింగిని ఆమె మగడు సింగడు నిలదీసే ఘట్టం ఉంటుంది. ఒంటి మీద ఈ కొత్త నగ ఎక్కడిదని అతడు ఒక్కొక్కటే అడుగుతాడు, ఆమె ఒక్కొక్క దానికీ లెక్క అప్పజెబుతుంది, సాక్షి సభ. ఇక తిరుమలలో వైకుంఠ ఏకాదశి తరువాత ఆరో రోజున జరిగే ప్రణయకలహోత్సవం ఉంది. మలయప్పస్వామి ఒక పల్లకిలో, అమ్మవార్లు మరో పల్లకిలో ఎదురెదురుగా వస్తారు. అమ్మవార్ల పక్షాన స్వామి మీదికి పూబంతులు విసురుతారు, స్వామి వెనక్కి తగ్గుతాడు, నిందగా ఉండే పాశురాలు చదువుతారు, చివరికి కలిసి గుడిలోకి వెళతారు. దేవుడి ఇంటి తగవు కూడా మాడవీధిలో, భక్తుల ఎదుట, ఇరుపక్షాల తరఫున మాట్లాడే మనుషులతోనే జరుగుతుంది. తోలుబొమ్మల వాళ్లూ, కురవంజి ఆడేవాళ్లూ, తిరుమల అర్చకులూ ఒకే శాస్త్రం చదువుకున్నవారు కారు. వాళ్లందరికీ ఉమ్మడిగా తెలిసింది ఒక్కటే. ఇంటి తగవు ముదిరితే అది ఇంట్లో తేలదు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఎన్ని మాటలు మాట్లాడించినా చివరికి సత్యభామ కృష్ణుడి కాళ్ల దగ్గరికే వస్తుంది, తులాభారంలో ఆమె నగలన్నీ ఓడి రుక్మిణి వేసిన తులసిదళం గెలుస్తుంది, అంటే ఇదంతా భార్యను దారికి తెచ్చే పాఠమే గదా అని అడుగుతారు. ముగింపు విషయంలో ఈ మాట కాదనలేనిది. అయితే ముగింపులకు అప్పుడు ఇంకో దారి లేదన్నది కూడా చూడాలి. చాలా కులాల్లో కులపంచాయితీ ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం, మారుమనువు ఉండేవి. అవి లేని ఇళ్లలో, శాస్త్రోక్తంగా జరిగిన హిందూ వివాహాన్ని రద్దు చేసుకునే వీలు మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టంతోనూ, దేశమంతటా 1955 హిందూ వివాహ చట్టంతోనూ వచ్చింది. అంతవరకు నాటకకర్త ఎవరైనా ఆ జంటను మళ్లీ అదే ఇంట్లోకి పంపక తప్పదు. పైగా ఇద్దరికీ ఇల్లు ఒకేలాంటిది కాదు. సత్యభామతో తగవు వస్తే కృష్ణుడు వెళ్లడానికి రుక్మిణి ఇల్లు ఉంది, సత్యభామకు ఉన్నది కోపగృహం. పదహారో శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆ కోపగృహంలోకి వచ్చి పాదాల మీద వాలిన భర్త తలను ఆమె ఎడమకాలితో తోసేస్తుంది. శ్రీకృష్ణదేవరాయలకూ తిరుమలదేవికీ పడకపోతే, రాణిగారి పుట్టింటి నుంచి వచ్చిన తిమ్మన వాళ్లను కలపడానికే ఈ కావ్యం రాశాడని ఒక కథ చెప్పుకుంటారు. చరిత్రగా దాన్ని నమ్మనక్కర్లేదు. కాని కవిని కూడా ఆలుమగల మధ్య మూడో మనిషిగానే జనం ఊహించుకున్నారు. కాబట్టి ఈ నాటకాల విలువను ముగింపుతో తూచడం సరికాదు. లొంగుబాటుకు పట్టేది కాసేపు. వాదానికి పట్టేది రాత్రంతా. జనం గుర్తు పెట్టుకున్నది, తిరిగి తిరిగి ఆడించుకున్నది ఆ రాత్రినే.

ఆ వాదం చెప్పిన గొంతు మగవాడిదే గదా అన్న ప్రశ్నను కూడా దాటవేయలేం. కూచిపూడిలో పుట్టిన ప్రతి భాగవతుల పిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది అక్కడి కట్టుబాటు. మన కాలందాకా ఆ వేషానికి వేదాంతం సత్యనారాయణశర్మ పేరు పర్యాయంగా నిలిచింది. ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా తెలుగునాట ఊరూరా జేజేలందుకున్న స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కాని చిత్రం ఇంతటితో పూర్తి కాదు. గోదావరి జిల్లాల్లో కలావంతులు కూడా భామాకలాపం ఆడేవారు. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో అది నవజనార్దన పారిజాతంగా తొమ్మిది రాత్రులు సాగేది. అక్కడ సత్యభామ ఆడమనిషే. ఆమె వాదం ఆమె నోటనే వినిపించేది. పెళ్లి అన్న వ్యవస్థకు బయట నిలబడవలసి వచ్చిన స్త్రీలు, పెళ్లయిన స్త్రీ ఫిర్యాదును అంత నేర్పుగా వినిపించారన్నది తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. భోగంమేళాలకు వ్యతిరేకంగా వీరేశలింగం మొదలుపెట్టిన ఉద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆ స్త్రీల జీవితాల్లోని దోపిడీని ఆపడానికి వచ్చాయి. ఆ అవసరాన్ని నేను శంకించను. కాని వాటితోపాటు, స్త్రీ స్వయంగా సత్యభామై మాట్లాడే వేదిక ఒకటి చేజారిపోయింది. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు బృందం మొదలుపెట్టిన కుటుంబ నాటకసమాజం, ఆడవేషాలు ఆడవాళ్లే కట్టే పద్ధతిని నిలబెట్టి ఆ లోటును కొంతవరకే పూడ్చగలిగింది.

కొత్త నాటకం వచ్చాక కూడా మూడో మనిషి వెంటనే మాయం కాలేదు. 1892 ఆగస్టులో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లకూ ఆయన భార్య వెంకమ్మకూ జరిగే తగవును చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవరాలై ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు డబ్బు పుచ్చుకుని ఇవ్వడానికి తండ్రి సిద్ధపడ్డాడు. భోజనాల దగ్గర మొదలైన ఆ రగడ తెలుగు నాటకంలో నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చే ఘట్టాల్లో మొదటి వరసలోది. వెంకమ్మకు పోవడానికి కోపగృహం కూడా లేదు, నుయ్యే దిక్కయింది. ఆమె మొరను అందుకునేది ఆమె తమ్ముడు కరటకశాస్త్రి. ఆయన వృత్తిరీత్యా సంస్కృత నాటక కంపెనీలో విదూషకుడు. గురజాడ ఈ ఉద్యోగాన్ని యథాలాపంగా ఇవ్వలేదని నా నమ్మకం. అక్క తగవును తీర్చడానికి ఆ విదూషకుడు తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, పెళ్లికూతురిగా లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. రాయబారం చేసే సూత్రధారుడూ, ఆడవేషం కట్టే కుర్రవాడూ కలిసి ఒక పిల్ల మెడకు పడబోయే ఉరిని తప్పిస్తారు. భామాకలాపం పనిముట్లే ఇక్కడ కొత్త పనికి వచ్చాయి. ఆ పని ఎంత అవసరమో మొదటి కూర్పు పీఠికలోని లెక్కే చెబుతుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి బ్రాహ్మణ వివాహాలు లెక్కకు అందినవే 1,034. అయిదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది.

గురజాడే 1910లో రాసిన దిద్దుబాటు కథలో ఈ పాత రూపం ఇంకా చిక్కగా కనిపిస్తుంది. కథే అయినా దాని ఒడ్డూపొడవూ నాటికవే. ఒకే ఇల్లు, ఒకే రాత్రి. సానిమేళం చూసి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. బల్ల మీద ఉత్తరం ఉంటుంది, పుట్టింటికి వెళ్లిపోతున్నానని. నౌకరు రాముడు నిద్రకళ్లతో మధ్యలో నిలబడి చీవాట్లు తింటాడు. చివరికి కమలిని మంచం కిందనే ఉందని తేలుతుంది. మూడో మనిషి, లేఖ, కొంతసేపు ఇంట్లో లేకుండా పోయిన జీవిత భాగస్వామి అన్నీ అవే. అయితే గురజాడ ఇక్కడ స్థానాలు తారుమారు చేశాడు. ఇంటికి రాకుండా పోయే హక్కు అంతవరకు భర్తది, వెదుక్కునే బాధ భార్యది. ఈ కథలో భర్త ఏడుస్తాడు, భార్య ఇంట్లోనే దాక్కుని అతని పశ్చాత్తాపమంతా వింటుంది. ఆమెకు రాయడం వచ్చు కాబట్టి లేఖ రాయడానికి మాధవి సాయం అక్కర్లేకపోయింది. అంత చిన్న కథలో ఇన్ని మార్పులు చేసినవాడు కూడా రాముణ్ణి మాత్రం తీసెయ్యలేదు.

మూడో మనిషి నిలువనీడ లేకుండా పోయింది ఆ తరువాత. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడ్డాక, పద్యనాటకాల పక్కన గద్యంలో నడిచే సాంఘిక నాటకం గౌరవం సంపాదించింది. దానితో పెట్టెలాంటి వేదిక, మూడు గోడల సెట్టు, ప్రేక్షకుడు అక్కడ లేనట్టే నటించాలన్న సూత్రం స్థిరపడ్డాయి. ఆ సూత్రం తెచ్చిన లాభాలు నాకు తెలుసు. మాట సహజమైంది, అరుపులు తగ్గాయి, బళ్లారి రాఘవ వంటివారి పట్టుదల వల్ల స్త్రీలు వేదిక ఎక్కారు. రాఘవ నటించిన తప్పెవరిది నాటకాన్ని రాసిన పి.వి. రాజమన్నారు తరువాత 1948 నుంచి 1961 వరకు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. తీర్పులు చెప్పవలసిన మనిషి కాపురం గొడవ మీద రాసిన నాటకానికి పెట్టిన పేరే ఒక ప్రశ్న. ఆయన ప్రేక్షకుణ్ణి న్యాయస్థానంలో కూర్చోబెట్టాడు. అదొక గొప్ప ప్రయత్నం. కాని ఆ దారిలో నడిచిన హాస్యనాటికలు తక్కువ. తలుపులు మూసిన గదిలో ఇద్దరే మిగిలాక, అడిగేవాళ్లు లేరు కాబట్టి భార్య తన ఫిర్యాదును వరసగా చెప్పే ఘట్టం పోయింది. మిగిలింది సాధింపు. చీర కొనమనే భార్య, జీతం చాలని భర్త, పేపరు వెనక దాక్కునే మగవాడు, అతణ్ణి దెప్పే ఆడది. అతడు ప్రేక్షకులవైపు చూసి నిట్టూర్చగానే నవ్వొస్తుంది. ప్రేక్షకులతో మాట్లాడే హక్కు మాధవి నుంచి భర్తకు బదిలీ అయింది. గయ్యాళి అనే పాత్ర మన సాంఘిక హాస్యంలో స్థిరపడడానికి రచయితల స్త్రీద్వేషం ఒక్కటే కారణమని నేననుకోను. ఆమె మాటను పూర్తిగా వినే మనిషిని ఆ గది నిర్మాణమే బయట ఉంచేసింది. కూచిపూడిలోనూ ఇలాంటిదే జరిగింది. రాత్రుళ్ల కలాపం ఈనాటి వేదిక మీద తరచుగా కొద్ది నిమిషాల సత్యభామ ప్రవేశంగా కుదించుకుపోయింది. నర్తకి ఒక్కతే వస్తుంది, ఒక్కతే వెళుతుంది. మాధవి రాదు, ప్రశ్నలు లేవు.

మూడో మనిషిని ఉంచుకున్న చోట మాత్రం ఆ పాత బలం తిరిగి వస్తుందనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 1955లో వచ్చిన మిస్సమ్మ సినిమాకు మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీలో రాసిన రంగస్థల హాస్యనాటకం, మన్మొయీ గర్ల్స్ స్కూల్. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకున్న ఇద్దరు పెళ్లికానివాళ్లు ఒకే ఇంట్లో ఉంటూ చీటికీమాటికీ కలహిస్తారు. ఎస్వీ రంగారావు వేసిన జమీందారు, ఆయన భార్య, రేలంగి వేసిన దేవయ్య ఆ ఇంట్లోకి అడుగు పెట్టినప్పుడల్లా తగవు రూపం మారుతుంది. తలుపు తట్టేవాళ్లుండడం వల్లనే ఆ ఇద్దరి మాటలకు విలువ వచ్చింది. సావిత్రి పాత్ర కోపానికి కారణాలున్నాయని చూసేవాళ్లు ఒప్పుకుంటారు, ఆమెను గయ్యాళి అని ఎవరూ అనరు.

ఇక చివరి అభ్యంతరం, అన్నిటిలోకీ బాధ్యతతో కూడినది. ఇళ్లల్లో ఆడవాళ్లు దెబ్బలు తింటున్న దేశంలో ఆలుమగల తగవును నవ్వులాటగా చూపడమే తప్పు అంటారు కొందరు. మధ్యవర్తులు సర్దుకుపొమ్మని పంపిన ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారనీ, మూడో మనిషిని అంతగా మెచ్చుకోవద్దనీ అంటారు. ఈ మాటను నేను పూర్తి గౌరవంతో తీసుకుంటాను. మూడో మనిషి ఎప్పుడూ మంచివాడేనని చరిత్ర చెప్పదు. తులాభారంలో నారదుడు తగవు పెట్టే మూడో మనిషే. న్యాయస్థానం కూడా అలా అయిన సందర్భాలున్నాయి. విడిగా ఉంటున్న భార్య తిరిగి కాపురానికి రావాలని డిక్రీ ఇచ్చే వీలు హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ కోర్టులకు కల్పించింది. ఒక సినీనటి కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. మరోవైపు 2005 గృహహింస నిరోధక చట్టం భార్యకు, ఆస్తి ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. సత్యభామకు కోపగృహం, వెంకమ్మకు నుయ్యి, కమలినికి పుట్టింటి బెదిరింపు తప్ప మరేమీ లేని చోట, ఇప్పటి భార్యకు ఆ ఇల్లే హక్కుగా ఉంది. కాబట్టి ఇవాళ ఒకే ఇంట్లో తగవులాడుకుంటున్న జంట మీద రాసే నాటకంలో ముగింపు ముందే నిర్ణయమై లేదు. కలిసిపోవచ్చు, విడిపోవచ్చు, గోడ కట్టుకుని అక్కడే ఉండవచ్చు. పాత నాటకకర్తలకు లేని స్వేచ్ఛ ఇది. హింస ఉన్న ఇంటిని హాస్యంగా చూపకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. కాని హింసను దాచేది నవ్వు కాదు, మూసిన తలుపు. భాగవతులు గురవరాజు సంగతి రాయల ముందు ఆడింది ఆ తలుపు తెరవడానికే.

అందుకే కొత్తగా ఇలాంటి నాటిక రాసేవారికీ, ఆడించేవారికీ ఒక విన్నపం. భార్యాభర్తల్ని ఇద్దరినే గదిలో వదిలేయకండి. ఇంటి యజమానో, పనిమనిషో, పక్కింటావిడో, కుటుంబ న్యాయస్థానం పంపిన కౌన్సెలరో ఎవరో ఒకరిని లోపలికి రానివ్వండి. ఆ మనిషిని జోకులకు పరిమితం చేయకుండా ఇద్దరినీ ప్రశ్నించే పని అప్పగించండి. భర్త నిట్టూర్చే ముందు భార్య తన మాట పూర్తి చేయనివ్వండి. కూచిపూడి కళాపీఠాలు, పరిషత్తుల నిర్వాహకులు కలిసి ఏడాదికి ఒక్క రాత్రయినా భామాకలాపాన్ని మాధవి వచనంతో సహా, ప్రవేశం నుంచి లేఖ దాకా, లేఖ నుంచి కృష్ణుడి రాక దాకా పూర్తిగా ఆడించాలి. ఆ వచనం నోటికి వచ్చిన పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.